మా ఊరి ఫైరింజన్‌కి ముప్పై రెండేళ్ళు: ప్రభుత్వాలకీ, మన తెలుగు వాళ్ళకీ ఒక వాలంటీర్ బహిరంగ లేఖ

ఆస్ట్రేలియాలో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వాల్లో ఎమర్జెన్సీ సర్వీసెస్ చూసే మంత్రులకి, కాన్‌బెర్రాలో ఫెడరల్ ప్రభుత్వానికి, మెల్‌బోర్న్, సిడ్నీల్లో మన తెలుగు సంఘాల పెద్దలకి,

నమస్కారం.

నేను ఒక రీజనల్ టౌన్‌లో ఏజ్డ్ కేర్ నర్సుని. 2021లో రీజనల్ వీసా (పెద్ద సిటీల బయట కొన్నేళ్ళు ఉండాలనే షరతున్న వీసా) మీద సిటీ వదిలి ఇక్కడికొచ్చాం, వచ్చిన ఏడాదే ఇక్కడి ఫైర్ బ్రిగేడ్‌లో, అంటే మంటలార్పే ఊరి దళంలో, వాలంటీర్‌గా చేరాను. ఏ ఊరో, ఏ రాష్ట్రమో కావాలనే రాయట్లేదు, మా కెప్టెన్‌కి నా వల్ల తలనొప్పి రావడం నాకిష్టం లేదు. మా పాత ఫైర్ ట్రక్ మార్చమని మా బ్రిగేడ్ తరఫున ఇంగ్లీషులో పద్ధతిగా మూడు ఉత్తరాలు రాశాం, మొదటిదానికి ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది, రెండోదానికి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది, మూడోదానికి అదీ లేదు. అందుకే ఇప్పుడు అందరూ చూసేలా రాస్తున్నా.

మంత్రులకి తెలుగు రాదు కదా అంటారేమో. ఎన్నికల ముందు మన దీపావళి స్టేజీ ఎక్కి కండువా వేయించుకుని "అందరికీ నమస్కారం" అని అంత ముద్దుగా పలికేవాళ్ళకి ఒక ఉత్తరం ట్రాన్స్‌లేట్ చేయించుకోవడం పెద్ద పనేం కాదు.

ముందు జరిగింది చెప్తా. పోయిన డిసెంబర్లో ఒక గోధుమ చేలో హార్వెస్టర్ నుంచి నిప్పురవ్వ పడింది. కోసేసిన చేను, ఎండిన మొదళ్ళు, 38 డిగ్రీలు, ఉత్తరం గాలి. పేజర్ మోగిన పన్నెండు నిమిషాలకి నలుగురం ట్రక్కులో ఉన్నాం. మాది 1993 మోడల్, సింగిల్ క్యాబ్, అంటే ముందు ఇద్దరే పడతారు, మిగతా ఇద్దరం వెనక ట్యాంకు పక్కన ఎండలో, పొగలో కూర్చుని పోవాల్సిందే. చేను దగ్గరకెళ్ళి పంపు స్టార్ట్ బటన్ నొక్కితే టక్ మంది. ఇంకోసారి నొక్కాం, టక్. మూడోసారి ఆ టక్ కూడా లేదు. మా వెనక ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, చేతిలో హోస్ ఉంది, చుక్క రావట్లేదు. రేక్‌హోలు (ఒకవైపు పళ్ళు, ఒకవైపు పార ఉండే పనిముట్లు) తీసుకుని నేల గీకడం మొదలుపెట్టాం, నేను నాప్‌సాక్ వీపుకి తగిలించుకున్నా, మన దగ్గర పత్తికి మందు కొట్టే చేతి పంపు లాంటిదే అది, దాంతో చేనంత మంట మీద పిచికారీ చేస్తుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. చివరికి దాన్ని ఆపింది మేం కాదు, పక్క పొలం రైతు. సొంత డబ్బుతో తన యూట్ (వెనక ఓపెన్‌గా ఉండే చిన్న బండి) వెనక బిగించుకున్న చిన్న ట్యాంకు, పంపు. ఆయన రాకపోతే ఆ కంచె అవతల ఇంకో చేను, దాని అవతల స్కూలు.

అంతా అయ్యాక మా కెప్టెన్ (67 ఏళ్ళాయనకి) బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి చాలాసేపు అలాగే కూర్చున్నాడు. లేసు ఊడలేదు. నేను చూశా.

నేను పుట్టింది ఒంగోలు దగ్గర పల్లెలో. చిన్నప్పుడు ఎవరి గడ్డివాము అంటుకున్నా ఊరంతా బిందెలేసుకుని పరిగెత్తేవాళ్ళు, టౌన్ నుంచి ఫైరింజన్ వచ్చేసరికి బూడిద మీద నీళ్ళు కొట్టడమే మిగిలేది. ఇక్కడ నాకు నచ్చింది ఏంటంటే ఆ బిందెలతో పరిగెత్తే జనానికే ట్రక్కు, యూనిఫాం, ట్రైనింగ్ ఇచ్చి ఒక వ్యవస్థలా నడుపుతున్నారు. మా అమ్మ మాత్రం ఫోన్లో ఇప్పటికీ "నీకెందుకే ఆ నిప్పుల్లో పని, వాళ్ళేమన్నా జీతమిస్తారా" అనే అంటది. ఇవ్వరమ్మా. విక్టోరియాలో సీఎఫ్ఏ (కంట్రీ ఫైర్ అథారిటీ), న్యూ సౌత్ వేల్స్‌లో ఆర్‌ఎఫ్‌ఎస్ (రూరల్ ఫైర్ సర్వీస్), ఈ రెండు ఫైర్ సర్వీసుల్లో కలిపి లక్షకి పైన వాలంటీర్లున్నారు, రూపాయి కూడా తీసుకోకుండా చేస్తున్నారు. మాలో ఎవరూ జీతం అడగట్లేదు కూడా. వినండి, మేం అడుగుతున్నది జీతం కాదు. పంపు బటన్ నొక్కితే పంపు తిరగాలి, అంతే.

సిటీలో ఉన్నవాళ్ళకి ఒక సంగతి తెలియాలి. ఇక్కడ కార్చిచ్చు చంపేది ఎక్కువగా గాలి మారినప్పుడు. పొద్దున్నించీ ఉత్తరం నుంచి వేడిగాలి కొడుతుంది, మంట సన్నగా పొడుగ్గా దక్షిణం వైపు పోతుంది, ముందు భాగం ఎక్కడుందో అందరికీ తెలుసు కాబట్టి పక్కల నుంచి పని చేస్తాం. సాయంత్రానికి నైరుతి నుంచి చల్లగాలి దూకుతుంది. అంతవరకు పక్కగా ఉన్న కిలోమీటర్ల పొడుగు మంట మొత్తం ఒక్కసారిగా ముందు భాగం అయిపోయి మీదకొస్తుంది. 1983 ఫిబ్రవరి 16న, యాష్ వెన్స్‌డే అంటారు, అప్పర్ బీకన్స్‌ఫీల్డ్ దగ్గర రెండు బ్రిగేడ్ల వాలంటీర్లు పన్నెండు మంది అలాగే పోయారు. 1998 డిసెంబర్ 2న లింటన్ దగ్గర నీళ్ళు నింపుకోడానికి వెళ్తున్న ట్యాంకర్ మీదకి గాలి తిరిగి ఐదుగురు పోయారు. 2009 ఫిబ్రవరి 7, బ్లాక్ సాటర్‌డే నాడు 173 మంది చనిపోయారు, ఆ రోజూ గాలి మారడం పెద్ద కారణమే. ఆ నిమిషంలో ట్రక్కులో మూసిన క్యాబిన్, వేడిని ఆపే కర్టెన్లు, క్యాబ్ చుట్టూ నీళ్ళు చిమ్మే స్ప్రేలు ఉన్నవాళ్ళకి బతికే అవకాశం ఉంటుంది, వెనక ఆరుబయట కూర్చున్నవాళ్ళకి దుప్పటే దిక్కు. అందుకే ట్రక్ వయసు గురించి ఇంత గొడవ చేస్తున్నాం, కొత్త బండి మీద మోజుతో కాదు.

ఇప్పుడు విషయాలు వరసగా రాస్తా.

1. ట్రక్కులు. ఏ బ్రిగేడ్‌లో ఏ ట్రక్ ఉంది, ఏ సంవత్సరంది, ఎప్పుడు మారుస్తారు, ఈ మూడూ ఊరి పేరుతో సహా అందరికీ కనిపించేలా పెట్టండి. బడ్జెట్‌ రోజు "ఇన్ని మిలియన్లు, ఇన్ని కొత్త ట్యాంకర్లు" అంటారు, ఏ ఊరికో తెలీదు, ఎప్పటికో తెలీదు, మా వంతు ఎన్నోదో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. రేషన్ షాపు క్యూలో కూడా నా ముందు ఎంతమంది ఉన్నారో కనబడుతుంది. మనుషుల్ని వెనక ఆరుబయట కూర్చోబెట్టే సింగిల్ క్యాబ్‌లు ముందు తీసేయండి, వాటికి ఒక ఆఖరి తేదీ చెప్పండి. తేదీ చెప్పారు, మీరే తప్పారు అనుకోండి, అప్పుడు కనీసం అడగడానికి మాకో కాగితం ఉంటుంది.

2. డబ్బులు ఎటు పోతున్నాయి. విక్టోరియాలో ఫైర్ లెవీ (ఫైర్ సర్వీసుల కోసం ఆస్తి మీద వేసే పన్ను) స్థానంలో 2025 జూలై 1 నుంచి ఎమర్జెన్సీ సర్వీసెస్ అండ్ వాలంటీర్స్ ఫండ్ అని కొత్త లెవీ పెట్టారు. పేరులోనే వాలంటీర్లు ఉన్నారు. దీని మీద మే నెలలో రైతులు, వాలంటీర్లు కలిసి మెల్‌బోర్న్ పార్లమెంటు ముందుకి వచ్చారు, కొన్ని ట్రక్కులూ వచ్చాయి. వాళ్ళ బాధ ఏంటంటే ఇంతకుముందు మామూలు బడ్జెట్లోంచి కట్టే చాలా ఖర్చులు ఇప్పుడు ఈ లెవీ కిందకి తోశారు, జనం నుంచి ఎక్కువ వసూలవుతుంది, ట్రక్కులుండే బ్రిగేడ్ షెడ్డుకి వచ్చేది మాత్రం ఎంతో ఎవరూ చెప్పట్లేదు. పొలాల మీద రేటు వెయ్యి డాలర్ల విలువకి 28.7 సెంట్ల నుంచి 71.8 సెంట్లకి పెంచాలనుకున్నారు, కరువు, గొడవ రెండూ చూసి 2025–26కి పాత రేటే ఉంచారు. అంటే పెంపు ఆగింది, పోలేదు. పైగా వాలంటీర్లకి ఇంటి మీదో పొలం మీదో లెవీ తిరిగిస్తామన్నారు, అద్దెకుండే వాలంటీర్‌కి అందులో ఏముంటుంది? నాలాంటివాళ్ళ సంగతి వదిలేయండి, చాలామంది పాత వాలంటీర్లే "మా పేరు చెప్పి పక్కింటాయన దగ్గర ఎక్కువ వసూలు చేసి మాకు మినహాయింపు ఇస్తే ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరుగుతాం" అంటున్నారు. లెక్క చెప్పండి చాలు: వసూలైన ప్రతి వంద డాలర్లలో ఊరి బ్రిగేడ్ షెడ్డు దాకా చేరింది ఎంత.

న్యూ సౌత్ వేల్స్‌ది ఇంకో తమాషా. అక్కడ ఎమర్జెన్సీ సర్వీసులకి 73.7 శాతం ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి, 11.7 శాతం కౌన్సిళ్ళ (మన మున్సిపాలిటీల్లాంటివి) నుంచి, 14.6 శాతం రాష్ట్రం నుంచి. కంపెనీ తన జేబులోంచి ఇస్తుందా, మన ప్రీమియంలో కలుపుతుంది. అంటే ఇన్సూరెన్స్ కట్టే వాడు కట్టని వాడి మంట కూడా ఆర్పుతున్నాడు, ప్రీమియం పెరిగి ఇంకొంతమంది మానేస్తారు, మిగిలిన వాళ్ళ మీద భారం ఇంకా పెరుగుతుంది. 2023లో ఈ పద్ధతి మారుస్తాం అని ప్రకటించారు. తొందరగా మార్చండి. ఆర్‌ఎఫ్‌ఎస్ ట్రక్కులు చట్టం ప్రకారం కౌన్సిల్ ఆస్తి, వాడేది, ఎక్కడికి పంపాలో చెప్పేది ఆర్‌ఎఫ్‌ఎస్, తరుగుదల మాత్రం కౌన్సిల్ పుస్తకాల్లో. రెడ్ ఫ్లీట్ గొడవ అని పేరు పెట్టి ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. చిన్న ఊరి కౌన్సిల్‌కి ఆ తరుగుదల అంటే ఏదో ఒక రోడ్డు, ఏదో ఒక లైబ్రరీ.

3. సాసేజీలు. బ్రిగేడ్‌కి ఏదన్నా కావాలంటే హార్డ్‌వేర్ షాపు ముందు సాసేజ్ సిజిల్ పెడతాం, అంటే చందా కోసం సాసేజీలు కాల్చి అమ్ముతాం, రాఫిల్ (లాటరీ) టికెట్లు అమ్ముతాం. పోయినసారి నేను మిరపకాయ బజ్జీ పెట్టా, మా కెప్టెన్ ఒక్కటి తిని రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు, మిగతావన్నీ గంటలో అయిపోయాయి. అది సరదా, ఊరు కలుస్తుంది, నేను వద్దనను. కానీ ఆ డబ్బుతో కొన్నది ఏంటి? ట్రక్‌కి బ్యాటరీ, హెల్మెట్ లైట్లు. షెడ్డుకి ఫ్రిజ్ కొనుక్కోడానికైతే బజ్జీలు వేస్తాం, ప్రాణం కాపాడే సామానుకి వేయాల్సి రాకూడదు. 2019 నవంబర్లో న్యూ సౌత్ వేల్స్ వాలంటీర్లు కొందరు మంచి మాస్కుల కోసం ఆన్‌లైన్‌లో చందాలు అడుక్కున్నారు, ఇది అందరికీ తెలిసిందే. ఆ తర్వాత ఒక కమెడియన్ పెట్టిన ఫండ్‌రైజర్‌కి 51 మిలియన్ డాలర్లు వచ్చాయి, ప్రపంచం నలుమూలల నుంచి. జనానికి ఇవ్వాలనే ఉంది. చందాల మీద ఆధారపడితే ఏ ఊరి మంట టీవీలో పడితే డబ్బు ఆ ఊరికి పోతుంది, మిగతా ఊళ్ళు బజ్జీలే.

4. బట్టలు. నవ్వొద్దు. నాకిచ్చిన ప్యాంటు ఆరడుగుల మగవాడి కొలత. కాళ్ళ దగ్గర మూడు మడతలు పెట్టి వేసుకుంటా, ఆ మడతల్లో నిప్పు కణిక పడి ఒకసారి చీలమండ కాలింది, గాయానికి నేనే కట్టు కట్టుకున్నా. గ్లవ్స్ వదులు, హోస్ నాజిల్ పట్టు తప్పుతుంది. ఆడవాళ్ళు కావాలి, యువత కావాలి, మైగ్రెంట్లు కావాలి అని పోస్టర్లేస్తారు, వచ్చాక మా కొలత లేదంటారు. పైగా ఒక్కటే జత. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఫైర్‌ఫైటర్ పనిని క్యాన్సర్ తెచ్చే వాటిలో మొదటి గ్రూపులో పెట్టింది. పొగ పట్టిన బట్టలు ఉతికి ఆరేలోగా మళ్ళీ పేజర్ మోగితే ఆ మసి బట్టల్లోనే పోవాలి. నర్సుగా నేను వార్డులో వాడిన గ్లవ్స్ మళ్ళీ వేసుకుంటే ఉద్యోగం పోతుంది. ఇక్కడ మాత్రం అదే మామూలు. మనిషికి రెండు జతలు, సరైన కొలతలో. క్యాన్సర్ వస్తే పరిహారం కోసం వాలంటీర్ ఎన్ని మంటలకి వెళ్ళాడో ఋజువుల కోసం కాగితాలు మోసుకు తిరిగే పని లేకుండా, హాజరు రికార్డు సర్వీసులే సరిగ్గా ఉంచాలి.

5. పోయిన జీతం. 2019–20 వేసవిలో కార్చిచ్చులు నెలల తరబడి కాలాయి, దాన్నే బ్లాక్ సమ్మర్ అంటారు. అప్పుడు 33 మంది చనిపోయారు, అందులో తొమ్మిది మంది మంటలార్పేవాళ్ళే. 3,000 పైన ఇళ్ళు పోయాయి. పొగ వల్ల పోయినవాళ్ళు ఇంకో 417 మంది ఉంటారని మెడికల్ జర్నల్ అంచనా, మా ఏజ్డ్ కేర్ లాంటి చోట్ల ఉండే ముసలివాళ్ళ లాంటివాళ్ళే వాళ్ళు. అప్పట్లో ప్రధానిగా ఉన్న స్కాట్ మోరిసన్ ముందు వాలంటీర్లకి డబ్బులు అక్కర్లేదు, వాళ్ళు ఇష్టపడే వెళ్తున్నారు అన్నట్టు మాట్లాడి, గొడవ పెరిగాక డిసెంబర్ ఆఖర్లో రోజుకి 300 డాలర్ల వరకు, మొత్తం 6,000 దాటకుండా, పది రోజులకి పైన పనిచేసినవాళ్ళకి ఇస్తామన్నారు. ఇచ్చారు, సంతోషం. కానీ అది ఆ ఒక్కసారికే. ఇప్పటికీ చట్టంలో ఉన్న కమ్యూనిటీ సర్వీస్ లీవ్ అంటే ఉద్యోగం పీకకూడదని తప్ప జీతం ఇవ్వాలని లేదు. ఫెడరల్ గవర్నమెంట్ ఉద్యోగికి జీతంతో సెలవు దొరుకుతుంది, ట్రక్ డ్రైవర్‌కి, గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీకి, నాలాంటి క్యాజువల్ నర్సుకి (పనిచేసిన గంటలకే జీతం) లేదు. పది రోజులు దాటిన పెద్ద మంటలకి పోయిన జీతం ఇచ్చే పద్ధతి పర్మనెంట్‌గా రాసి పెట్టండి, ప్రతిసారీ టీవీ వాళ్ళు అరిచాక కాదు.

6. ట్రైనింగ్, సిగ్నల్. రెండూ ఒకే బాధ, దూరం. కొత్తవాళ్ళకి కోర్సు కావాలంటే రెండు గంటలు డ్రైవ్ చేసి శని ఆదివారాలు పోవాలి, పిల్లలున్న తల్లి ఎలా పోతుంది? ట్రైనర్‌నే ఊరికి పంపండి. ఇక బ్లాక్ సమ్మర్‌లో మొబైల్ టవర్లు ఎక్కువగా మూగబోయింది కాలిపోయి కాదు, కరెంటు పోయి. బ్యాటరీలు ఎక్కువసేపు ఆగేవి పెట్టమని రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసే పెద్ద విచారణ) దాకా వెళ్ళనక్కర్లేదు, మా ఊరి ఎలక్ట్రీషియన్ చెప్పగలడు.

ఈ లోపు మనుషులు తగ్గిపోతున్నారు. మా బ్రిగేడ్‌లో పేర్లు నలభై ఉన్నాయి, మంగళవారం రాత్రి ట్రైనింగ్‌కి వచ్చేది తొమ్మిది, పగలు పేజర్ మోగితే దొరికేది ఐదుగురు, అందులో ఇద్దరికి అరవై దాటాయి. వీళ్ళు విసిగి మానేస్తే ఆ పని ఎవరు చేస్తారు, జీతాలిచ్చి ప్రతి ఊళ్ళో స్టేషన్ పెట్టగలరా? లేరు. అంటే మంట దాని ఇష్టం వచ్చినంత దూరం పోతుంది.

ఇక మన తెలుగు వాళ్ళకి రెండు మాటలు, కాస్త కోపంగానే.

2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 59 వేల పైన. మనలో చాలామంది సిటీ అంచున కొత్త కాలనీల్లో ఉన్నాం, వెనక గోడ దాటితే ఎండిన గడ్డి. బుష్‌ఫైర్ అంటే ఎక్కడో అడవిలో అనుకుంటారు, గడ్డి మంట గాలికి కారంత వేగంగా పోతుంది. 2014 మార్చిలో శేషాచలం కొండలు కాలి హెలికాప్టర్లు వచ్చినప్పుడు ఇక్కడి నుంచి ఎంత కంగారుగా ఫోన్లు చేశాం, ఇక్కడ మన ఇంటి వెనక గడ్డి గురించి ఫోన్లో వార్నింగ్ యాప్ కూడా పెట్టుకోం. విక్టోరియాలో విక్ ఎమర్జెన్సీ, న్యూ సౌత్ వేల్స్‌లో హజార్డ్స్ నియర్ మీ, రెండు నిమిషాల పని. కేటస్ట్రాఫిక్ అని, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన మంట రేటింగ్, వచ్చిన రోజు అంచు ఊళ్ళలో ఉన్నవాళ్ళు మంట కనబడే దాకా ఆగకండి, పొద్దున్నే వెళ్ళిపోండి.

సంఘాల పెద్దలూ, విక్టోరియా ఎన్నికలు 2026 నవంబర్ 28న. న్యూ సౌత్ వేల్స్‌వి 2027 మార్చిలో. అంటే వచ్చే సంక్రాంతికి, ఉగాదికి మీ స్టేజీ మీద రెండు పార్టీల వాళ్ళూ ఉంటారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఒకడు, అలా మంటలొచ్చాక పసుపు జాకెట్లేసుకుని ఫొటోలకొచ్చే వాళ్ళని మేం చాలామందిని చూశాం. శాలువా కప్పండి, పులిహోర పెట్టండి, మైక్ వెనక్కి తీసుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "మీ నియోజకవర్గంలో అన్నిటికన్నా పాత ఫైర్ ట్రక్ ఏ సంవత్సరంది, అది ఎప్పుడు మారుస్తారు?" జవాబు వీడియో తీసి పెట్టండి. తెలీదంటే అది కూడా పెట్టండి.

రీజనల్ ఊళ్ళలో ఉన్న తెలుగు వాళ్ళు, వీసా షరతు మూడేళ్ళు ఎప్పుడైపోతాయా సిటీకి ఎప్పుడు పోదామా అని లెక్కపెట్టుకుంటున్నవాళ్ళు కూడా, ఒక్కసారి మీ ఊరి షెడ్డుకి వెళ్ళండి. మంటల్లోకి దిగక్కర్లేదు, రేడియో చూసుకునేవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు, గ్రాంటు అప్లికేషన్లు నింపేవాళ్ళు కావాలి, ఎక్సెల్ మనకన్నా బాగా ఎవరికొచ్చు.

మంత్రి గారూ, డిసెంబర్ మొదటి వారానికి ముందు జవాబు ఇవ్వండి. కోతలు అప్పుడే మొదలవుతాయి. కొత్త బ్యాటరీ వేశాం, పంపు ప్రస్తుతానికి తిరుగుతోంది, డబ్బు బజ్జీలది.

ఇట్లు,
ఒక రీజనల్ బ్రిగేడ్ వాలంటీర్, నర్సు
అక్టోబర్ 2025